పైడమ్మ పేరు, నాలుగు సర్వర్లు

నవంబరు పదిహేడున గొర్లపేట పైడమ్మకి అన్యాయం జరిగింది. వరదలో మునిగిన తన ఎకరం పొలాన్ని ఆమె ప్రభుత్వ పంటనష్టం పోర్టల్‌లో నమోదు చేయించుకుంది. అయినా జాబితాలో పేరు లేదన్నాడు కొత్తగా వచ్చిన వ్యవసాయాధికారి భుజంగరావు. పేరు లేకపోతే రెండో పంటకి విత్తనం రాదు.

“మా పోర్టల్ నాలుగు సర్వర్ల మీద నడుస్తుంది. ఏది ఖాళీగా ఉంటే అది జవాబిస్తుంది. అబద్ధమాడదు,” అన్నాడాయన.

పైడమ్మ మూడు రోజులు కంప్యూటర్ కేంద్రంలో కూర్చుని తన పేరు వెతికించింది. నాలుగుసార్లు వెతికితే ఒక్కసారే కనబడుతోంది. ఒక సర్వర్‌లో ఎక్కింది మిగతా మూడింటికీ చేరడం లేదని ఆమెకి అర్థమైంది.

నాలుగో రోజు భుజంగరావుని ఊరందరి ముందూ అడిగింది. “బాబూ, తమరూ ఇక్కడికి కొత్తే కదా. తమరి పేరూ ఈమధ్యే ఎక్కించి ఉంటారు, నాలుగుసార్లు వెతికించండి.”

అధికారులకి తమ పేరు వెతుక్కునే అవసరం ఎప్పుడొచ్చింది గనక. అయినా భుజంగరావు వెతికించాడు. ఒకసారి వచ్చింది. మూడుసార్లు అలాంటి అధికారి లేరని వచ్చింది.

“పోర్టల్ అబద్ధమాడదన్నారు. మరి లేని అధికారి నా విత్తనం ఎలా ఆపాడు బాబూ?”

భుజంగరావు నాలుగు సర్వర్లనీ సరిచూడమని ఆదేశించాడు. పైడమ్మతో పాటు అలా ఒక్క సర్వర్‌లోనే ఆగిపోయిన మరో ముప్పై ఆరు పేర్లు బయటపడ్డాయి. విత్తనం అందినట్టు ఆమె వేలిముద్ర పడిన తేదీ నవంబరు ఇరవై మూడు.