నువ్వు గింజలో నీరు నూనెగా మారిన ఏడు

ఒకప్పుడు ఏ గింజలోనూ నూనె ఉండేది కాదు. నువ్వు గింజలో అయితే ఉత్త తీపి నీరే. ఆకులు ఎండలో తీపి వండేవి. కాడ దాన్ని మోసుకెళ్ళి కాయలోని పిల్లలకు, అంటే గింజలకు, పోసేది. పిల్లలు తాగి గుండ్రంగా ఉబ్బేవి.

కాయ పగిలి నేలమీద పడ్డాక వచ్చేది చిక్కు. పది రోజుల ఎండకే లోపలి నీరంతా ఆవిరైపోయేది. వానలు పడేసరికి గింజలు తాలుగా మిగిలేవి. ఎక్కడో నీడన పడ్డవి మాత్రమే మొలిచేవి.

కొండ దిగువ మెట్ట చేనులో నూకాలు అనే ఆమె ఏటా నువ్వులు చల్లేది. ఏటికేడాది మొక్కలు తగ్గిపోయాయి. చివరికి చేనంతటికీ ఒకే ఒక్క మొక్క మిగిలింది. నూకాలు దాని పక్కన గొంతుక్కూర్చుంది.

"నీ పిల్లలకి ఏటి తక్కువైందో నాకు తెలీడం లేదు తల్లీ. ఈ ఏడు కూడా ఇలాగే పోతే ఇంక నీ జాతే ఉండదు" అంది.

మొక్కకు కంగారు పుట్టింది. ఉన్నదంతా పిల్లలకే పోస్తున్నాను కదా, మరెందుకు బతకడం లేదు? దానికీ తెలియలేదు.

మబ్బును అడిగింది. నీళ్ళు చాలడం లేదు, ఇంకా పొయ్యమంది మబ్బు. అట్టడుగు కాయలో నిండా పోస్తే గింజలు కుళ్ళిపోయాయి. సూర్యుణ్ణి అడిగింది. నీళ్ళు ఎక్కువయ్యాయి, తగ్గించమన్నాడు. రెండో కాయలో తగ్గిస్తే గింజలు పెరగకుండానే ముడుచుకుపోయాయి. చీమ వచ్చి తీపి పెంచమంది. మూడో కాయలో పెంచింది. మర్నాడు ఆ చీమే కాయకు కన్నం పెట్టి గింజలన్నీ పట్టుకుపోయింది.

ఎవరి మాట నమ్మాలి? ఇంకొక్క కాయే ఉంది.

అప్పుడే ఒక తేనెటీగ పువ్వు మీద వాలింది. దాని పొట్టకు తెల్లటి పొరలు అంటుకుని ఉన్నాయి. అవేమిటని మొక్క అడిగింది. మైనం అంది ఈగ.

"నీ పువ్వులో తాగిన తీపే ఇది. తాగి, గూట్లో కదలకుండా వేలాడతాం. కాసేపటికి ఇలా వస్తుంది. ఎలా వస్తుందో నాకూ తెలియదు."

"ఎండకు ఆవిరైపోదా?"

"మెత్తబడుతుంది గానీ ఎక్కడికీ పోదు. నీరు కూడా దీనిలోకి దూరలేదు."

మొక్కకు సగమే అర్థమైంది. తీపి తీపిగా ఉంటే నిలవదు, మారితే నిలుస్తుంది. అంతే. తీపంతా మిగిలిన కాయకే దక్కాలని కొత్త పువ్వులు పుయ్యడం మానేసింది. తీపి తాగండి, కదలకుండా ఉండండి, నీటిని మాత్రం వదిలెయ్యండి అని ఆఖరి కాయలోని పిల్లలకు చెప్పింది. పిల్లలకు అదీ అర్థం కాలేదు. అమ్మ చెప్పింది కదా అని అలాగే చేశాయి.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఒక ఉదయం ఒక గింజలో జిడ్డుగా, సన్నటి బొట్టు ఒకటి మెరిసింది. మర్నాడు రెండు. తర్వాత అన్నిటిలోనూ. బొట్లు పెరిగేకొద్దీ నీరు తగ్గింది. పిల్లలు బెదిరిపోయాయి.

"అమ్మా, మేం చిక్కిపోతున్నాం. ఇది మంచిదేనా?"

"నాకు తెలియదమ్మా. ఆపకండి."

ఆకులు ఉన్న తీపంతా పంపి, పసుపుపచ్చగా మారి రాలసాగాయి. చిట్టచివరి ఆకు కూడా రాలింది. తను చేసింది తప్పో ఒప్పో తెలియకుండానే తల్లి మొక్క ఎండిపోయింది.

నూకాలు కాయ కోసి చేతిలోకి దులిపింది. చిన్నగా, పొడిగా ఉన్న గింజల్ని చూసి తాలే అనుకుంది. పారెయ్యబోయి, ఒకదాన్ని గోటితో నొక్కింది. వేలు తళతళలాడింది. ఆ జిడ్డు తుడిస్తే పోలేదు. నీళ్ళతో కడిగితే పోలేదు. ఇదేమిటో ఆమెకు తోచలేదు. అయినా వాటినే చల్లింది.

ఇరవై రోజులు ఎండ కాల్చేసింది. ఆ తర్వాత వాన పడింది. నాలుగో నాటికి చల్లిన ప్రతి గింజా మొలిచింది.

ఆ సంగతి చెబుదామని నూకాలు తల్లి మొక్క దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ఎండు కాడ మాత్రమే ఉంది. అయినా పక్కన కూర్చుని, అంతా చెప్పింది.

నువ్వు గింజను లేతగా ఉన్నప్పుడు గిల్లితే ఇప్పటికీ నీరే వస్తుంది. అప్పటినుంచే, ముదిరేకొద్దీ లోపల నూనె చేరుతుంది, పైన తల్లి ఆకులు ఒక్కొక్కటే రాలిపోతాయి.