మూత వేసిన నీలి బాన

మా గురువుగారితో ఒక తంటా ఉంది. ఏదడిగినా సూటిగా చెప్పరు. అడిగినవాడు సగం ప్రాణంతో ఉన్నా సరే, ఏదో ఒక కథ ఎత్తుకుంటారు.

ఆశ్రమంలో వంట, వడ్డన, రోగుల సేవ అన్నీ వేదాద్రే చూసుకునేవాడు. ఒక మధ్యాహ్నం పంక్తి లేచాక, చేతిలో గరిటె అలాగే పట్టుకుని గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"స్వామీ, నేను వెళ్ళిపోతాను. ఆకలితో వచ్చినవాళ్ళకి అన్నం పెడుతూ లోపల తిట్టుకుంటున్నాను. నాలో దయ చచ్చిపోయింది. అసలెప్పుడైనా ఉందా అని కూడా అనుమానంగా ఉంది."

పాపం, ఏడవడానికి కూడా వాడికి ఓపిక లేదు. గురువుగారు కూర్చోమని సైగ చేసి చెప్పసాగారు.

వారి ఊళ్ళో నాంచారమ్మ అనే ముసలావిడ బట్టలకి నీలి రంగు వేసేదట. నీలిమందు, సున్నం, తగిరిస గింజల కషాయం కలిపి పులియబెట్టిన బానే ఆ ఇంటికి ఆధారం. పెళ్ళిళ్ళ రోజుల్లో కోడలు శేషారత్నం ఎవరినీ కాదనలేక, పొద్దస్తమానం ఆ బానలో బట్ట ముంచుతూనే ఉంది. చివరికి బట్ట బూడిద రంగులో పైకొచ్చింది. బాన మీద ఎప్పుడూ తేలే నురగ కూడా లేదు. ఇల్లు మునిగిందనుకుని శేషారత్నం ఏడుస్తూ, ఆ నీళ్ళన్నీ కాలవలో పారబోయడానికి కుండ అందుకుంది.

నాంచారమ్మ వచ్చి వేలు ముంచి వాసన చూసింది.

"ఆగవే పిచ్చిదానా! చావలేదు, అలిసింది. ఇంత బెల్లం వేసి మూత పెట్టు. అది కోలుకునేదాకా నూలుపోగు కూడా దాంట్లో పడకూడదు."

"మరి వచ్చేవాళ్ళకి ఏం చెప్పను అత్తా?"

"నువ్వేం చెప్పక్కర్లేదు" అని ముసలావిడ పీట వేసుకుని గుమ్మంలో కూర్చుంది. పెళ్ళివారు వచ్చి నానా మాటలూ అన్నారు. అన్నీ పడింది గానీ అక్కణ్ణించి లేవలేదు.

గురువుగారు అక్కడితో ఆపేశారు.

"మరి బాన ఏమైంది స్వామీ? మళ్ళీ నీలం వచ్చిందా?" అన్నాడు వేదాద్రి.

చెప్పానుగా, సూటిగా చెప్పరని. అప్పుడే బయట ఎవరో "అయ్యా, అన్నం ఉందా?" అని కేకేశారు. వేదాద్రి అలవాటు కొద్దీ లేవబోయాడు. గురువుగారు వాడి చేతిలోంచి గరిటె తీసుకున్నారు.

"నువ్వెళ్ళి పడుకో నాయనా. గుమ్మంలో నేనుంటాను."