వెనక వరస నుంచి మొదలు

శంభయ్యస్వామి ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పిన పాపాన పోడు. అడిగినవాణ్ణే వెంటబెట్టుకుని ఎక్కడికో బయలుదేరతాడు. ఆయన శిష్యుల్లో సర్పంచి మద్దిలేటి ఒకడు. ఒకనాడు అతను కడుపుమంటతో మఠానికి వచ్చాడు.

"సామీ, పడుచువాళ్ళకు ఊరి సంగతుల్లో మాట ఉండాలని మీరే అంటిరి. గ్రామసభకు మూడుసార్లు పిలిస్తి. బెల్లం కొట్టిన రాయి మాదిరి కూచుంటారు! వాళ్ళకోసమని యువజన కేంద్రం కట్టిస్తే ఒక్కరూ తొంగిచూడరు. రేపటి సభలో దాన్ని ఎరువుల గోడౌనుకు ఇచ్చేస్తా. నోరు తెరవనివాళ్ళకు మాటెందుకు సామీ?"

స్వామి నవ్వాడు. మర్నాడు సభకు తానూ వచ్చాడు.

బడి వరండాలో పెద్దలు కుర్చీల్లో, పడుచువాళ్ళు వెనక గోడకానుకుని కూర్చున్నారు. ఎప్పటిలాగే మద్దిలేటి మొదలుపెట్టి, గోడౌను వల్ల ఊరికి కలిగే లాభాలన్నీ ఏకరువు పెట్టాడు. పెద్దలంతా సరేనన్నారు. తీర్మానం రాయించాక అతను వెనక్కి తిరిగి, "ఏమబ్బా, మీరేమంటారు?" అన్నాడు. తలలన్నీ వంగాయి. చూశారా అన్నట్టు అతను గురువు వైపు చూశాడు.

"ఆ కాగితం పక్కన పెట్టు. సభ మళ్ళీ మొదలుపెడదాం, ఈసారి వెనక వరస నుంచి. వాళ్ళదయ్యేదాకా నువ్వు నోరు మెదపొద్దు" అన్నాడు స్వామి.

మద్దిలేటికి నాలుక దురద పెట్టింది. చివరికి సుంకులమ్మ లేచింది. పగలు మిరపచేలో కూలికి పోతూ, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటున్న పిల్ల.

"కేంద్రం పదింటికి తీసి అయిదింటికి మూస్తారు. మేము చేని నుంచి వచ్చేసరికే ఆరవుతుంది. తాళంచెవి సర్పంచి ఇంట్లో ఉంటుంది, పోయి అడగాలంటే మాకు భయం. మా ఇంట్లో ఉండేది ఒకటే గది, ఆరుగురం. పరీక్షకు రెండు నెలలే ఉంది. సాయంత్రం కూచుని చదువుకోను చోటు లేకపోతే నాకు ఈ ఏడు కూడా పోయినట్టే."

ఆమె కూర్చోగానే ఇంకో ముగ్గురు లేచారు. మద్దిలేటికి తల కొట్టేసినట్టయింది. ఆ వేళలు పెట్టింది తనే. తాళం తీసే మనిషికి ఎప్పుడు వీలో అడిగాడు గానీ, వచ్చేవాళ్ళను అడగాలని తోచనేలేదు.

"ఈ సంగతి ముందే చెప్పొచ్చు గదమ్మా!" అన్నాడు ఉండబట్టలేక.

"మీరంతా సరే అనుకున్నాక గదా పెదనాయనా, మమ్మల్ని అడిగేది" అంది సుంకులమ్మ.

తీర్మానం చింపేశారు. ఆ రోజు నుంచే సాయంత్రాలు కేంద్రం తెరిచి ఉంచాలనీ, తాళంచెవి పడుచువాళ్ళ దగ్గరే ఉండాలనీ కొత్తది రాశారు.

మఠానికి తిరిగి వెళుతుండగా మద్దిలేటి అడిగాడు: "సామీ, ఇకమీదట వెనక నుంచే మొదలుపెడతా. మరి అందరూ చెప్పినాక, కడాకు నా వంతు వస్తుంది గదా. అప్పుడు నేనేం చెప్పాల?"

స్వామి నడక ఆపకుండానే, "ఏమన్నా మిగిలితే చూద్దాంలే" అన్నాడు.