కంబళి పుట్టగొడుగు

ఇటు తిరిగి పడుకో బంగారూ. కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతోంది. ఊఁ కొడతావా మరి? నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ ఎక్కడికక్కడే ఆగిపోతుంది, ముందే చెప్తున్నా.

అనగా అనగా, వాన కోసం మొహం వాచిపోయిన ఒక ఊళ్ళో, గొర్రెలు కాచుకునేవాళ్ళ ఇల్లొకటి ఉండేది. ఆ ఇంట్లో కెంచమ్మ అని ఒక పిల్ల, దాని చెల్లెలు సిద్ది, అమ్మ, నాయన, మాళప్ప తాత. సిద్దికి తాతంటే ప్రాణం.

తొలివాన పడగానే తాత కంబళిని తలమీద కొప్పులా వేసుకుని గుట్టకి పోయేవాడు. ఒడినిండా పుట్టగొడుగులు తెచ్చేవాడు. తడిసిన కంబళి వాసన, పొయ్యిమీద ఉడికే పుట్టగొడుగుల వాసన... అబ్బ, ఆ రోజులే వేరు తల్లీ! ఇప్పుడు ఎన్ని వండినా ఆ కమ్మదనం రాదు.

ఒక ఎండాకాలంలో తాత పోయాడు. పసిదానికి ఎలా చెప్పాలో తెలీక అమ్మ, "తాత పుట్టగొడుగులకి వెళ్ళాడే" అనేసింది. పెద్దవాళ్ళు చూడు, నోటికేదొస్తే అది అనేస్తారు.

అప్పుడు తొలివాన పడింది. సిద్ది పోయి గడప దగ్గర కూర్చుంది. అమ్మ సంగటి ముద్ద పెట్టబోతే మూతి తిప్పేసుకుంది.

"తాత పుట్టగొడుగులు తెస్తాడు. అప్పుడు తింటా."

నాయన పరుగున పోయి గుట్ట మీంచి పుట్టగొడుగులు తెచ్చాడు. "ఇవి నువ్వు తెచ్చినవి" అని తోసేసింది. మర్నాడూ అంతే. పిల్ల మొహం పీక్కుపోయింది. అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అప్పుడు కెంచమ్మకి ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్ళ కంబళి సగం వాళ్ళతోనే పంపిస్తారు, సగం ఇంట్లో దాచుకుంటారు. "అమ్మా, తాత కంబళి కొంచెం ఇవ్వవూ?" అని అడిగింది. అమ్మ కళ్ళు తుడుచుకుని ఇచ్చింది.

ఏళ్ళ తరబడి వానలో నాని నాని ఆ కంబళి అట్టలా గట్టిపడింది. కోస్తే పోగు లేవదు. కెంచమ్మ దాన్ని గుండ్రంగా కత్తిరించింది. దబ్బనంతో అంచు చుట్టూ కుట్టి దారం లాగితే గొడుగులా ముడుచుకుంది. కింద కాడ కుట్టింది. నల్ల పుట్టగొడుగు ఎక్కడైనా ఉంటుందా అంటావా? నోరు మూసుకుని విను, నా కథలో ఉంటుంది.

లోపల గడ్డి కూరి, "తాత పంపాడే" అని ఇచ్చింది. సిద్ది బుగ్గకి ఆనించుకుంది. "అబ్బా, గుచ్చుకుంటోంది! తాత ఇలాంటివి తేడు" అని విసిరికొట్టింది.

ఆ తర్వాత కెంచమ్మ ఇంకో ముక్క తీసుకుంది. శుభ్రంగా ఉంటుందని కుంకుడురసంలో నానబెట్టి, ఉతికి మరీ కుట్టింది. పిచ్చి మొద్దు! గొర్రెలవాళ్ళింట్లో పుట్టి తాత కంబళి ఉతుకుతారటే ఎవరైనా? సిద్ది వాసన చూసి, "ఇది తాతది కాదు" అంది.

అప్పుడు కెంచమ్మ, తాత తలమీద కొప్పులా వేసుకునే చోటి ముక్క తీసింది. ఈసారి నీళ్ళు తగలనివ్వలేదు. లోపల గొర్రెపిల్ల ఉన్ని కూరింది. పైన తెల్ల ఉన్ని ఉండలు చుక్కలు చుక్కలుగా కుట్టింది. దబ్బనం వేలికి దిగినా ఆపలేదు.

సిద్ది దాన్ని ముక్కుకి ఆనించుకుంది. మొహం వెలిగిపోయింది. "తాతా!" అంటూ వీధిలోకి పరుగెత్తింది. అటు చూసింది, ఇటు చూసింది.

"పుట్టగొడుగు వచ్చింది. మరి తాతేడే అక్కా?"

అయ్యో, కెంచమ్మ అది అనుకోనే లేదు. ఇంకో అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు. చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "తాత చచ్చిపోయాడే సిద్దీ. ఇంక రాడు. ఇది నేను కుట్టాను" అంది.

సిద్ది ఏడ్చింది. కెంచమ్మ ఏడ్చింది. అన్నాళ్ళూ పిల్ల ముందు బిగబట్టుకున్న అమ్మ కూడా గొల్లుమంది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకుని, సిద్ది "అమ్మా, ఆకలి" అంది.

అమ్మ గబగబా సంగటి తెచ్చింది. సిద్ది ముద్ద తర్వాత ముద్ద మింగింది. తింటూ తింటూ ఉన్నట్టుండి పుట్టగొడుగుని గుండెకి హత్తుకుంది.

"దీన్ని మాత్రం కూర వండకే అమ్మా. ఇది తాతది."

కథ నడిచె కంచికి,
మనం మన ఇంటికి,
కునుకు వచ్చె కంటికి,
కంబళి చాలు ఒంటికి.