కాకి పెద్దమ్మ గొంతు

బెల్లం గానుగ దగ్గర చెరకుపిప్పి కుప్పల చుట్టూ కోళ్ళు, ఎద్దులు, ఒక పిల్లి కలిసి బతికేవి. ఏ ప్రమాదం వచ్చినా కొబ్బరిచెట్టు మీంచి ముందుగా చూసేది నూకాలు అనే కాకే. అందుకని అందరూ దాన్నే తమకు పెద్దగా ఎన్నుకున్నారు.

ఎన్నుకున్నారే గాని, మర్నాటి నుంచి ఎవరి నోటా దాని పేరు లేదు. మంచి చేస్తే "కాకైనా నయమే" అన్నారు. పొరబడితే "ఎంతైనా కాకి బుద్ధి" అన్నారు. అంతకుముందు పెద్దరికం చేసిన పుంజు వెయ్యి తప్పులు చేశాడు. కోడి బుద్ధి అని ఒక్కరైనా అన్నారా? నూకాలు మనసు చివుక్కుమంది.

పిల్లి సింహాచలం అది కనిపెట్టాడు. కోడిపిల్లల మీద వాడి కన్ను ఏనాటి నుంచో ఉంది.

"ఏటి పెద్దమ్మా, మొహం అలా ఏలాడేసినావు?"

"ఏం చేసినా కాకే అంతన్నార్రా."

"నీ అరుపు అలాటిది మరి! నోరు మంచిదైతే ఊరు మంచిదంతారు. మెత్తగా మాటాడి సూడు. ఇంకెవలైనా నిన్ను కాకి అని అంతే నా మీసాలు తీయించుకుంతాను."

నూకాలు గొంతు తగ్గించింది. మూడో రోజుకి పైడమ్మ అనే కోడిపెట్ట మెచ్చుకుంది. "ఒలమ్మా, నువ్వు అసలు కాకిలాగే నేవు సుమా!"

నూకాలు పొంగిపోయింది. ఆ వెంటనే ఎందుకో సిగ్గేసింది కూడా. కానీ పొగడ్త తియ్యగా ఉంది, ఊరుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం గానుగ కిర్రుకిర్రుమంటోంది. పిప్పికుప్ప వెనక నుంచి సింహాచలం పైడమ్మ పిల్లల వైపు పాకుతున్నాడు. నూకాలు చూసింది.

"పైడమ్మా, కాస్త ఎనక్కి సూడవమ్మా," అంది మర్యాదగా.

గానుగ చప్పుడులో ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అంది. అప్పటికే పిల్లి పంజా ఒక కోడిపిల్ల వీపు మీద పడింది.

ఇక నూకాలు మర్యాద గాలికొదిలేసి, రెక్కలు విదిల్చి, "కావ్! కావ్!" అని గొంతు చించుకుంది.

ఒక్క కాకి అరిస్తే ఊళ్ళో కాకులు ఊరుకుంటాయా? ఆకాశం నల్లబడింది. నెత్తిన ముక్కుల వాన కురుస్తుంటే సింహాచలం కోడిపిల్లని వదిలి పరుగెత్తి, కళ్ళు కనబడక గానుగ పక్కనున్న జిగట బెల్లం మడ్డి తొట్టెలో పడ్డాడు.

"ఆపవే నీ కాకి గోల!" అని మడ్డిలోంచి ఏడ్చాడు.

"ఆపన్రా బాబూ. కాకిని కదా!" అంది నూకాలు, ఇంకా గట్టిగా.

పిల్లని రెక్క కింద దాచుకున్న పైడమ్మ తలెత్తి చూసింది. ఆమెకు ఆ గోల హాయిగా వినబడింది.

నీతి: లోకం వేసే ముద్రకు జడిసి పెద్దలు గొంతు మార్చుకుంటే, నష్టం వాళ్ళని నమ్ముకున్నవాళ్ళకే.