రాజుగారి బొమ్మకు అడ్డొచ్చిన దూలాలు

అనగా అనగా, ఏరు ఏటా ఊరి మీదికి వచ్చిపోయే కాలంలో, కూడలిపాడు అని ఒక చిన్న రాజ్యం ఉండేదట. దాన్ని భోగవర్మ ఏలేవాడు.

ఆ ఊళ్లో కుమ్మరివీధి పల్లంలో ఉండేది. వాన ముదిరితే ఇళ్లు మునిగేవి. క్రితం ఏడు కుమ్మరి ఎర్రమ్మ మనవలను చాప కింద దాచి, గట్టు మీదే వానంతా గడిపింది. ఒక మనవడు దక్కలేదు.

ఆ మాట విని రాజు, దిబ్బ మీద సత్రం కట్టిస్తానన్నాడు. వానలు మొదలయ్యేలోపల పూర్తి కావాలన్నాడు. పనిని చెన్నోజు అనే స్థపతికి అప్పగించాడు. ఏ గోడ ఎంత మోస్తుందో, ఏ దూలం ఎంత ఓరుస్తుందో లెక్క కట్టడంలో ఆయనది మంచి చెయ్యి.

పని మొదలైంది. ఆ వెంటనే రాజుగారికి ఆలోచనలూ మొదలయ్యాయి.

ఒకనాడు వచ్చి గోడ చూశాడు. “ఇంత లావెందుకయ్యా? లోపలి చోటంతా ఇదే తినేస్తోంది. సన్నం చెయ్యి.”

చెన్నోజు పడమటికి చూశాడు. మబ్బు లేదు. “చిత్తం ప్రభూ,” అన్నాడు. గోడ సన్నం చేసి, కప్పు ఆనే చోటల్లా బయటినుంచి ఆనుగోడలు లేపాడు.

కొన్నాళ్లకు రాజు మళ్లీ వచ్చాడు. “నేను పల్లకి దిగకుండానే లోపలికి పోవాలి. ద్వారం వెడల్పు చెయ్యి.”

అప్పటికి గాలి మారింది. ఏటి నీళ్లు ఎర్రబడ్డాయి. చెన్నోజు తింటున్న అన్నం వదిలి లేచాడు. ద్వారం మీద రాతి కమాను కట్టి, పై బరువును రెండు పక్కలకూ పంపాడు.

కుమ్మరివీధి వాళ్లు కుండలూ మూటలూ దిబ్బ కిందికి చేరవేస్తున్నారు. ఎర్రమ్మ రోజూ పైకెక్కి వచ్చేది.

“ఏమయ్యా ఓజుగారూ, ఇంకా కాలేదా? వాన నీ సెలవు తీసుకుని వస్తుందా?”

“గోడల్లో గార ఆరాలమ్మా.”

“అది ఆరేలోపల మేం నానిపోతాం!”

ఎట్టకేలకు కప్పు లేచింది. రెండు గోడల మీదినుంచి వాసాలు ఏటవాలుగా పైకి పోయి కొసన కలుసుకున్నాయి. వాటి కాళ్లు జారకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డదూలాలు వేశారు. గార గట్టిపడేదాకా కింద ఊతకర్రలు నిలిపారు. పెంకు పరిచారు.

అప్పుడు రాజు మూడోసారి వచ్చాడు. అప్పటికే లోపల ఎదుటి గోడ మీద, తాను అడవిపందిని వేటాడుతున్న బొమ్మ వేయించుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తే అడ్డదూలం సరిగ్గా ఆయన మొహానికి అడ్డం వచ్చింది.

“కిరీటం కనబడుతోంది. పంది కనబడుతోంది. మధ్యలో నేనేనయ్యా లేనిది! తీసెయ్యి ఈ దూలాలు.”

“తీస్తే వాసాలు గోడలను బయటికి తోసేస్తాయి ప్రభూ.”

“గోడ సన్నం చేశావు, నిలబడింది. ద్వారం వెడల్పు చేశావు, నిలబడింది. ఇదీ నిలబడుతుంది.”

“అప్పుడు గోడ మొయ్యలేనిది ఆనుగోడకు అప్పజెప్పాను. ద్వారం మీది బరువు కమానుకు అప్పజెప్పాను. దీన్ని ఎవరికి అప్పజెప్పమంటారు? లోపల పడుకునేవాళ్లకా? నా చేత్తో మాత్రం తియ్యను.”

రాజుకు కోపం వచ్చింది. కొలువులోని వడ్రంగులను పిలిచి దూలాలు తీయించాడు. ఊతకర్రలున్నాయి కనుక కప్పు కదల్లేదు. “చూశావా?” అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఎగువన ఉరిమింది. జనం పిల్లాజెల్లాతో గుమ్మం మీద పడ్డారు. చెన్నోజు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

“తప్పుకో అయ్యా, నీళ్లు నా వాకిట్లోకి వచ్చేశాయి!” అంది ఎర్రమ్మ.

“ఇంతమంది కాళ్లలో ఒక్క ఊతకర్ర జారితే చాలమ్మా. దీనికింద నేను పడుకోను. నీ మనవలను పడుకోనిస్తానా?”

“మెరకన ఇల్లున్నవాడివి. నీకేం, ఎన్నయినా చెబుతావు!”

గోల విని రాజు వచ్చాడు. “ఇంకా ఆ కర్రలెందుకు? తీసేసి జనాన్ని లోపలికి పంపు.”

“గార ఆరింది, తీస్తాను ప్రభూ. ఆచారం తమకు తెలుసు కదా. ఊతలు తీసేటప్పుడు కట్టినవాడూ, కట్టించినవాడూ కప్పు కింద పక్కపక్కన కూర్చుని భోంచెయ్యాలి. తరువాతే మిగతావాళ్లు.”

రాజు పైకి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “ఇవాళ మాకు ఉపవాసం. మా పాదుకలు పంపుతాం. అవి ఉంటే మేం ఉన్నట్టే.”

పీట మీద పాదుకలు వచ్చాయి.

“పాదుకలకు నెత్తి ఉండదు ప్రభూ,” అన్నాడు చెన్నోజు.

ఎర్రమ్మ పాదుకలను చూసింది, కప్పును చూసింది. అడుగు వెనక్కి వేసింది. “అట్లాగయితే మేమూ మా చెప్పులను లోపల పడుకోబెడతాం దొరా. మేం గట్టు మీదే ఉంటాం.”

ఎవరో కిసుక్కుమన్నారు. రాజు చెవులు ఎర్రబడ్డాయి. ఉపవాసం సంగతి మరిచి, విసురుగా వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాడు. పక్కనే చెన్నోజు కూర్చున్నాడు.

పనివాళ్లు ఒక ఊత సడలించారు. రాజుగారి పెరుగన్నంలో సున్నపు పొడి రాలింది.

“దుమ్ము,” అన్నాడు రాజు.

రెండోది సడలించారు. వాసాలు మూలిగాయి. గోడ పైవరసలో సన్నని బీట విచ్చింది. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

“మూడోది,” అన్నాడు చెన్నోజు, కదలకుండా. పనివాడు సుత్తి ఎత్తాడు.

“ఆపండి!” రాజు ఎంగిలి చేత్తోనే బయటికి ఉరికాడు.

చెన్నోజు ఊతలన్నీ మళ్లీ బిగించమని చెప్పి, అప్పుడు బయటికి వచ్చాడు. చినుకులు మొదలయ్యాయి. రాజు ఎవరి మొహమూ చూడలేదు. “దూలాలు ఎక్కించండి,” అన్నాడు. బొమ్మ మాట ఎత్తలేదు.

కుమ్మరివీధి అంతా భుజం పట్టింది. పల్లకి బోయీలు పల్లకి దించి వచ్చారు. వాన జోరందుకునే వేళకు దూలాలు తమ చోట కుదురుకున్నాయి, బీటలో గార నిండింది. చెన్నోజు మళ్లీ కప్పు కింద కూర్చున్నాడు. ఈసారి ఎవరూ పిలవకుండానే రాజు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఉపవాసమన్నారు కదా దొరా, వడ్డించమంటారా?” అంది ఎర్రమ్మ.

“వడ్డించు,” అన్నాడు రాజు.

ఊతలన్నీ తీశారు. విస్తట్లో నలకైనా పడలేదు. జనం లోపలికి వచ్చారు.

ఆ వారమే ఏరు కుమ్మరివీధిని ముంచేసింది. సత్రంలో ఒక బాలింత పాతచీరను అడ్డదూలానికి కట్టి ఉయ్యాల వేసింది. అది ఊగినప్పుడల్లా బొమ్మలో రాజుగారి మొహం మరి కాస్త మరుగుపడేది. తీయమని ఎవరూ అనలేదు.

కంటికి అడ్డమని ఆసరాను తీసేస్తే అది మోస్తున్న బరువు మాయమైపోదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది. కనుక తీసెయ్యమనేవాడు ముందు తాను దానికింద కూర్చుని చూడాలి.