ట్యూబులైటు కింది వంగనారు

నా నారు నిలబడటం లేదు. ఆ దిగులుతోనే దస్తగిరి తాత దగ్గరికి వెళ్లాను.

అది మామూలు నారు కాదు. అమ్మ పోయాక ఆమె పెట్టెలో దొరికిన వంగ గింజలు. బూడిద కలిపి పాత గుడ్డలో మూట కట్టి దాచింది. చారల వంకాయ. మా ఊళ్లో అమ్మ తప్ప ఇంకెవరూ వేసేవారు కాదు. సగం గింజలు పోశాను. మొలిచినవి మొలిచినట్టే వాలిపోతున్నాయి. మూటలో మిగిలిన సగమూ ఇలాగే అయితే ఆ వంకాయ ఇక లోకంలో ఉండదు.

అప్పట్లో నేను చీరాలలో ఒక మేడ వెనక గదిలో అద్దెకుండి బట్టలు కుట్టేదాన్ని. ఆ గదికి ఎండ మొహమే తెలియదు. రెండు వీధుల అవతల తాత గదీ అంతే, కానీ ఆయన గది నిండా పచ్చదనమే. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవారు. ఆ చేతులతోనే ట్యూబులైట్లకి గొలుసులు కట్టి వేలాడదీసి, వాటి కింద తట్టల్లో నారు పోసేవారు. పీర్ల పరంపర ఆయనది. జనం తాయెత్తు కోసం వస్తే ఓ మొక్క చేతిలో పెట్టి పంపేవారు. "తాయెత్తుకి నీళ్లు పోసే పని లేదు గదా, కట్టుకుని మర్చిపోతారు" అని నవ్వేవారు.

ఆయన్ని చూసి నేనూ ట్యూబులైటు కిందే నారు పోశాను. నా తట్టలో మొలకలు దారప్పోగుల్లా సాగి ఉన్నాయి.

"లైటు ఎంత ఎత్తులో పెట్టావే కాశింబీ?"

"మూరెడు ఎత్తులో తాతా."

"నాలుగు వేళ్లకి దించు. అందని వెలుగు కోసం మెడలు సాచి చస్తున్నాయి. రాత్రికి ఆర్పెయ్యి, వాటికీ నిద్ర కావాలి."

మిగిలిన గింజలన్నీ పోసి, చెప్పినట్టే చేశాను. పంతొమ్మిది మొలిచాయి. ఈసారి పొట్టిగా, పచ్చగా ఉన్నాయి. ఇక చూడండి నా కాపలా! తట్ట చుట్టూ అట్టలు నిలబెట్టాను. కిటికీ మూశాను. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లని గడప దగ్గరే ఆపాను. చీరాల ఉక్కలో ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ మిషను తొక్కాను. ఇంత శ్రద్ధ ఇంకెవరికుంటుందిలే అని లోపల గర్వం కూడా.

అమ్మలా మొరటుగా పెంచకూడదనుకున్నాను. పొద్దున్నే బారెడు కొంగు వదిలేసుకుని నారుమళ్ల మధ్య తిరిగేది ఆమె. కొంగు తగిలి నారంతా ఈ చివర నుంచి ఆ చివరకి వంగేది. "కొంగు దోపుకోవే అమ్మా, విరుగుతాయి!" అని నేను గోల పెట్టేదాన్ని. "విరిగితే విరిగాయిలే, నువ్వు బడికి పో" అనేది. జడ వేసినా అంతే, కళ్లలో నీళ్లు తిరిగేలా లాగేది. నన్ను దగ్గరికి తీసుకుని ముద్దు చేసిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. ఆమె పోయాక కూడా ఆ కోపం నాలో పోలేదు.

రెండు వారాలకి నారు మళ్లీ వాలడం మొదలైంది. నీళ్లు చిలకరిస్తే చాలు, పడుకుంటోంది. తట్టకి గుడ్డ కప్పి, పసిబిడ్డని తీసుకెళ్లినట్టు తాత దగ్గరికి తీసుకెళ్లాను.

తాత గుడ్డ తీశారు. అరచెయ్యి చాపి, నారు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా దువ్వారు. పంతొమ్మిదీ నేలకి వంగాయి.

ఆయన మణికట్టు పట్టుకుని ఆపేశాను. పెద్దవాళ్లతో అంత అమర్యాదగా ఎన్నడూ ప్రవర్తించలేదు.

"విరిగిపోతాయి తాతా! అవే ఆఖరివి!"

తాత చెయ్యి విడిపించుకోలేదు. నేను వదిలేదాకా ఆగారు. తర్వాత ఆ చివర నుంచి ఈ చివరకి దువ్వారు.

"వారం నా దగ్గరుంచు" అన్నారు.

రోజూ సాయంత్రం వెళ్లి కూర్చునేదాన్ని. ఆయన చెయ్యి అటు ఇరవై సార్లు, ఇటు ఇరవై సార్లు వెళ్లేది.

ఎనిమిదో రోజున తట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టారు. కాడలు లావెక్కాయి. వాటిలో వంకాయరంగు దిగింది. భయపడుతూనే చెయ్యి వేసి దువ్వాను. వంగి, వెంటనే లేచి నిలబడ్డాయి.

"ఏం మంత్రం వేశారు తాతా?"

"గాలి రాని గదిలో పుట్టాయి. ఎవరో ఒకరు కదపాలి గదమ్మా." కళ్లద్దాలు తుడుచుకుంటూ నా వైపు చూశారు. "అయినా నారు పోసే ఆవిడ కూతురివి, నీకు తెలీదా?"

తట్ట ఎత్తుకుని లేచాను.

ఇంటికొచ్చి కిటికీ తీశాను. పెట్టె అడుగు నుంచి అమ్మ నీలం నూలుచీర తీసి కట్టుకున్నాను. తట్టని నేల మీదికి దించి, దాని పక్కనే అటూ ఇటూ నడిచాను.

కొంగు దోపుకోలేదు.